వేడి ఉంది, రావడం లేదు

చలిదేశాల ఇళ్ళలో ఏటా అక్టోబరులోనో నవంబరులోనో ఒక ఫిర్యాదు మొదలవుతుంది. బాయిలర్ మండుతూనే ఉంటుంది. గ్యాసు మీటరు తిరుగుతూనే ఉంటుంది. బాయిలర్ పక్కనున్న పైపు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. కానీ గదుల్లో గోడలకు బిగించిన రేడియేటర్లు మాత్రం చల్లగా పడి ఉంటాయి. ఇంట్లో వేడి పుడుతోంది, మనిషి దాకా రావడం లేదు.

ఇళ్ళను వెచ్చబరచుకున్న చరిత్ర అనగానే మనకు నిప్పు గుర్తొస్తుంది. కట్టెలు పోయి బొగ్గు, బొగ్గు పోయి గ్యాసు, గ్యాసు పోయి కరెంటు. అది సగం కథే. పుట్టిన వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం మిగతా సగం. దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. అది బాగా పనిచేస్తున్నంతకాలం ఎవరికీ కనపడదు మరి. చెడిపోయినప్పుడే అది ఉందని తెలుస్తుంది. అప్పుడు ప్లంబరు వచ్చి అడిగే ప్రశ్నలు మామూలుగా వినిపిస్తాయి: పైన చల్లగా ఉందా, కింద చల్లగా ఉందా? మేడ మీద ఎలా ఉంది? కుళాయిలో వేడినీళ్ళు వస్తున్నాయా? ఈ ప్రశ్నల్లో ఒక్కొక్కదాని వెనక ఏదో ఒక కాలంలో ఎవరో చేసుకున్న ఎంపిక ఉంది. నీళ్ళు ఎందుకు తిరగడం లేదో తెలియాలంటే, అసలు అవి ఎందుకు తిరిగేవో ముందు చూడాలి.

రెండు వేళ్ళ బలం

మన డాబాల మీద ఉండే సోలార్ వాటర్ హీటర్‌ను ఎప్పుడైనా గమనించారా? నీళ్ళ ట్యాంకు పైన ఉంటుంది, ఎండ తగిలే గొట్టాలు కింద ఏటవాలుగా ఉంటాయి. ఇళ్ళలో వాడే చిన్నరకం హీటర్లలో మోటారేమీ ఉండదు. ఎండకు వేడెక్కిన నీరు తేలికై పైకి, ట్యాంకులోకి పోతుంది. ట్యాంకు అడుగున ఉన్న చల్లని బరువైన నీరు కిందికి దిగి ఆ ఖాళీలోకి వస్తుంది. సాయంత్రం దాకా అలా తిరుగుతూనే ఉంటుంది. దీన్ని థర్మోసైఫన్ అంటారు. ట్యాంకును గొట్టాల కంటే కింద పెట్టారా, అంతే, ఆట ఆగిపోతుంది.

యూరప్‌లో ఇళ్ళు వేడిచేసిన తొలి నీటి గొట్టాలన్నీ ఈ సూత్రం మీదే నడిచాయి. నేలమాళిగలో బాయిలర్, పైన గదులు. వేడినీరు ఎక్కే గొట్టం ఒకటి, చల్లారిన నీరు దిగే గొట్టం ఒకటి. ఈ రెండు నీటి స్తంభాల బరువుల మధ్య తేడాయే చక్రాన్ని తిప్పే బలం.

ఆ బలం ఎంత? 80 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు నీరు దాదాపు 972 కిలోలు తూగుతుంది. 60 డిగ్రీల దగ్గర 983 కిలోలు. తేడా 11 కిలోల పైచిలుకు. బాయిలర్ నుంచి రేడియేటర్ 3 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, ఈ తేడా వల్ల పుట్టే ఒత్తిడి సుమారు మూడున్నర సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానం. అంటే గ్లాసులో రెండు వేళ్ళ లోతు నీళ్ళు. ఇల్లంతా తిప్పడానికి ఉన్న బలం ఆ కాస్తే. గొట్టం సన్నమైతే చాలదు. వంపులు ఎక్కువైతే చాలదు. ఎక్కడో ఒక్క బుడగ గాలి చిక్కుకుంటే చాలదు. వేడినీటి ఇళ్ళ చరిత్రంతా ఈ కాస్త బలంతో పడ్డ అవస్థే.

ముందు కోడిపిల్లలకి

వేడినీళ్ళు తిప్పి ఒక కట్టడాన్ని వెచ్చబరచిన తొలివాళ్ళలో మోర్టెన్ ట్రీవాల్డ్ పేరు చెబుతారు. స్వీడన్ నుంచి ఇంగ్లండు వచ్చిన ఇంజనీరు. 1716లో న్యూకాసిల్‌లో ఒక మొక్కల గాజుగృహాన్ని అతను ఇలా వేడిచేశాడంటారు. 1777 ప్రాంతంలో ఫ్రాన్సులో బోన్మాఁ అనే అతను అదే పద్ధతిని గుడ్లు పొదిగించే పెట్టెలకు వాడాడు. వేడి మరీ ఎక్కువ కాకుండా ఒక ఏర్పాటు కూడా చేశాడు. రెండు లోహాలు వేడికి వేరువేరుగా సాగుతాయి కదా, ఆ తేడాతో పొయ్యికి గాలి అందించే తలుపు దానంతటదే మూసుకునేలా అమర్చాడు. ఇవాళ్టి థర్మోస్టాట్‌కు అది ముత్తాత.

మనుషుల కంటే ముందు మొక్కలకీ కోడిపిల్లలకీ ఎందుకు? మనిషికి చలేస్తే నిప్పు దగ్గరికి జరుగుతాడు, ఉక్కపోస్తే దూరం జరుగుతాడు. గుడ్డు జరగలేదు. దానికి రాత్రీపగలూ ఒకే వేడి కావాలి. నీరు మెల్లగా వేడెక్కుతుంది, మెల్లగా చల్లారుతుంది, అందుకే అలాంటి పనికి సరిపోయింది. మనుషుల ఇళ్ళలో మాత్రం చాలాకాలం పొయ్యి చుట్టూ కూర్చోవడమే సాగింది. ముందుభాగం కాలుతూ, వీపు వణుకుతూ.

సోన్ గారి చల్లని ఇల్లు

ఇంట్లోకి వచ్చాక ఈ నీళ్ళు పెట్టిన తిప్పలకి లండన్‌లో ఒక మంచి ఉదాహరణ ఉంది. సర్ జాన్ సోన్ ఆ కాలపు పెద్ద ఆర్కిటెక్టు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ భవనాన్ని ఏళ్ళ తరబడి తీర్చిదిద్దినవాడు. లింకన్స్ ఇన్ ఫీల్డ్స్‌లో తన సొంత ఇంటిని విగ్రహాలతో, చిత్రాలతో, శిథిలాల ముక్కలతో నింపేశాడు. ఇప్పటికీ అది మ్యూజియమే. పైకప్పులో అద్దాలు, అంతస్తుల మధ్య తెరిచి ఉంచిన ఖాళీలు, గదిలోంచి గదిలోకి జారే వెలుతురు. చూడ్డానికి అద్భుతం. వెచ్చగా ఉంచడానికి నరకం. వేడిగాలి ఆ ఖాళీల్లోంచి నేరుగా పైకప్పుకి పోతుంది.

దేశంలోని పేరున్న ఆర్కిటెక్టుల్లో ఒకడైన సోన్‌కే సొంత ఇంటిని వెచ్చబరచుకోవడం ఏళ్ళ తరబడి కుదరలేదు. వేరువేరు పద్ధతులు పెట్టించాడు, తీయించాడు. చివరికి 1832లో, డెబ్భై తొమ్మిదో ఏట, కొత్తగా పేటెంటు తీసుకున్న ఒక ఏర్పాటు పెట్టించాడు. దాని కర్త ఆంజియర్ మార్చ్ పెర్కిన్స్, అమెరికా నుంచి లండన్ వచ్చి స్థిరపడినవాడు. అతని తండ్రి జేకబ్ పెర్కిన్స్ 1834లో ఐసు తయారుచేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. తండ్రి చలిని తయారుచేస్తే కొడుకు వేడిని ఇంటింటికీ పంచాడన్నమాట.

పెర్కిన్స్ ఆలోచన సూటిగా ఉంటుంది. బలం చాలకపోతే నీటిని ఇంకా వేడిచెయ్యి. 100 డిగ్రీలు దాటితే నీరు ఆవిరవుతుంది కాబట్టి గొట్టాన్ని పూర్తిగా మూసెయ్యి. మూసిన మందపాటి ఇనుప గొట్టాల్లో నీరు 150 డిగ్రీలు దాటినా నీరుగానే ఉంటుంది. వేడి ఎంత పెరిగితే ఎక్కే నీరు అంత తేలిక, చక్రం అంత జోరు. అందుకే అతని గొట్టాలు బయటి కొలత అంగుళమే ఉన్నా నీరు తిరిగింది. సోన్ శిష్యుడు రిచర్డ్‌సన్ 1837లో రాసిన పుస్తకం ప్రకారం ఆ ఇంట్లో 1,200 అడుగుల గొట్టం పరిచారు. మొత్తానికి ఇల్లు వెచ్చబడింది. ఐదేళ్ళకు సోన్ పోయాడు.

ఆ జోరుకి ఖరీదు లేకపోలేదు. అంత వేడి గొట్టం పక్కన చెక్క ఉంటే మాడుతుంది. లోపలి ఒత్తిడికి గొట్టం పగిలితే ప్రాణం మీదికొస్తుంది. బీమా కంపెనీలు ఈ ఏర్పాటును అనుమానంగా చూశాయి. అదే 1837లో చార్లెస్ హుడ్ అనే ఆయన వేడినీటితో భవనాలను వెచ్చబరచడం మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. నీరు తిరగడానికి కారణం రెండు స్తంభాల బరువు తేడాయేనని లెక్కలతో వివరించాడు. ఆ తర్వాతి తరాలు ఎక్కువగా నడిచింది అతని దారిలోనే. వేడి తక్కువ, గొట్టాలు లావు, ఓపిక ఎక్కువ.

వాలు తెలిసినవాళ్ళు

అలా మొదలైన కాలం దాదాపు వందేళ్ళు నడిచింది. బాయిలర్ ఎప్పుడూ ఇంటి అడుగున. గొట్టాలు చెయ్యంత లావు. ఏ గొట్టమూ సమంగా ఉండకూడదు, కాస్త వాలు ఉండాల్సిందే, లోపలి గాలి దానంతటది పైకి పోయేలా. అటక మీద మూత లేని చిన్న తొట్టి. వేడెక్కి వ్యాకోచించిన నీరు అందులోకి చేరుతుంది, గాలీ అక్కడినుంచే బయటికి పోతుంది. సెంట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్రాంజ్ సాన్ గల్లి 1850ల్లో పోత ఇనుముతో రేడియేటర్ తయారుచేశాడు. అది వచ్చాక గదిలో వేడిని విడిచే పనికి ఒక రూపం వచ్చింది.

ఈ ఏర్పాటులో కదిలే భాగం ఒక్కటీ లేదు. అందుకే చెడిపోవడం అరుదు. దానికున్న ఇంకో మంచి గుణం, తనను తాను సరిచేసుకోవడం. గది బాగా చల్లబడితే దిగే నీరు మరింత చల్లగా, మరింత బరువుగా ఉంటుంది, చక్రం కాస్త వేగం పుంజుకుంటుంది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారు కూడా ఇంజను చల్లబరచుకోవడానికి చాలాకాలం ఇదే పద్ధతి వాడింది, నీటిపంపు లేకుండా.

అయితే ఇది డబ్బున్నవాళ్ళ వెచ్చదనం. నేలమాళిగ ఉండాలి. లావు గొట్టాలు కనపడినా ఓర్చుకునే పెద్ద గోడలుండాలి. రోజూ తెల్లవారకముందే దిగి బొగ్గు వేసే పనిమనిషి ఉండాలి. ఒక అంతస్తు చిన్నిల్లుంటే ఎత్తే లేదు, ఎత్తు లేకపోతే బలమే లేదు.

గుండె వచ్చింది

1928లో జర్మనీలోని డార్ట్‌మండ్‌లో విల్హెల్మ్ ఓప్లాండర్ అనే ఇంజనీరు గొట్టం వంపులో ఒక చిన్న పంకా అమర్చాడు. బయట మోటారు, లోపల పంకా. మరుసటి ఏడాది పేటెంటు వచ్చింది. దానికి అతను పెట్టిన పేరుకి అర్థం 'ప్రసరణ వేగవర్ధకం'. నీరు ఎలాగూ తిరుగుతుంది, దీంతో ఇంకాస్త తొందరగా తిరుగుతుంది, అంతే. నీటిని తిప్పే భారమంతా ఈ పంకాయే మొయ్యాలని అప్పటికి అనుకోలేదని ఆ పేరే చెబుతోంది.

అయితే తోడుగా వచ్చినది యజమాని అయింది. ఇవాళ ఇళ్ళలో వాడే మామూలు పంపు నాలుగైదు మీటర్ల నీటి మట్టానికి సమానమైన ఒత్తిడి ఇస్తుంది. ఎక్కడి రెండు వేళ్ళ లోతు, ఎక్కడి నాలుగు మీటర్లు! వంద రెట్లకు పైనే. అంత బలం చేతికొచ్చాక లావు గొట్టాలెందుకు? వాలు ఎందుకు? బాయిలర్ అడుగునే ఉండాలని ఏముంది? వంటింటి గోడకి తగిలించొచ్చు, అటక మీద పెట్టొచ్చు. బొటనవేలంత రాగి గొట్టాన్ని నేలపలకల కింద ఎటు కావాలంటే అటు వంచి తీసుకుపోవచ్చు. చిన్నిళ్ళకీ సెంట్రల్ హీటింగ్ అందింది. ఈ కథలో నిజమైన ప్రజాస్వామ్యం తెచ్చింది ఈ చిన్న పంకాయే.

దాని ఫలితం బాగా కనిపించేది బ్రిటన్‌లో. ఆ దేశానికి నిప్పు చూస్తూ కూర్చోవడం మీద మమకారం ఎక్కువ, అందుకే సెంట్రల్ హీటింగ్ అక్కడ ఆలస్యమైంది. 1952 డిసెంబరులో లండన్‌ను ఐదు రోజులపాటు కమ్మేసిన పొగమంచు వేలమందిని చంపింది. అప్పట్లో 4,000 అన్నారు, తర్వాతి అంచనాలు 12,000 దాకా వెళ్ళాయి. ఇళ్ళ పొయ్యిల్లోని బొగ్గుపొగ కూడా అందులో ఉంది. 1956లో క్లీన్ ఎయిర్ యాక్ట్ వచ్చింది. 1967 నుంచి పదేళ్ళపాటు ఇంటింటికీ తిరిగి పొయ్యిలనూ బాయిలర్లనూ ఉత్తర సముద్రపు సహజవాయువుకి మార్చారు. 1972లో ఆ దేశపు కుటుంబాల్లో సెంట్రల్ హీటింగ్ ఉన్నవి 37 శాతం. 2002 నాటికి 93 శాతం. ఒక్క తరంలో ఇంటి లోపలి జీవితం మారిపోయింది. వెచ్చని గది ఒక్కటే ఉన్నప్పుడు చదువు, కుట్టుపని, పోట్లాట అన్నీ అక్కడే జరిగేవి. అన్ని గదులూ వెచ్చనయ్యాక పిల్లలు తలుపులు వేసుకున్నారు.

చెడినప్పుడు కనిపించే పొరలు

ఇప్పుడు ప్లంబరు ప్రశ్నల దగ్గరికి వెనక్కి వద్దాం.

బాయిలర్ కాలిపోతోంది, రేడియేటర్లన్నీ చల్లగా ఉన్నాయి. అనుమానం మొదట పంపు మీదకే. వేసవంతా కదలకుండా కూర్చున్న పంపు లోపలి ఇరుసు మడ్డి పట్టి బిగుసుకుపోతుంది. అందుకే ఈ ఫిర్యాదులు అక్టోబరులోనే వస్తాయి. బాయిలర్‌లోని నీరు కదలక మరిగిపోయి, కెటిల్‌లా చప్పుడు చేసి, చివరికి రక్షణ స్విచ్ దాన్ని ఆపేస్తుంది. వేసవిలో కూడా వారానికోసారి కొద్ది నిమిషాలు పంపు తిప్పమనేది ఇందుకే.

మేడ మీద రేడియేటర్ గోరువెచ్చగా ఉంది, కింద చల్లగా ఉంది. ఇది నాకు ఎంతో ఇష్టమైన లక్షణం. పంపు చచ్చిపోయింది, కానీ హుడ్ చెప్పిన రెండు స్తంభాలు ఇంకా బతికే ఉన్నాయి. ఎత్తు ఎక్కువున్న చోట ఆ కాస్త బలం ఇంకా నీటిని ఎక్కిస్తోంది. 1960లు, 70ల నాటి బ్రిటిష్ ఇళ్ళలో ఇది ఇంకా స్పష్టం. అక్కడ రేడియేటర్లకి పంపు పెట్టారు కానీ స్నానాల నీళ్ళ సిలిండర్‌ను పాత పద్ధతిలోనే, లావు గొట్టాలతో వదిలేశారు. పంపు పోతే సిలిండర్ వేడెక్కుతూనే ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దం పనిచేస్తోంది, ఇరవయ్యో శతాబ్దం ఆగిపోయింది.

కింద వేడి, మేడ మీద చల్లన. అయితే పంపు తప్పు కాకపోవచ్చు, పైదాకా నీళ్ళే లేవేమో. అటక మీది తొట్టిలో బాల్‌వాల్వు బిగుసుకుని నీరు నిండటం ఆగిపోయి ఉంటుంది. తొట్టి లేని కొత్తరకం అయితే గేజిలో ఒత్తిడి పడిపోయి ఉంటుంది.

రేడియేటర్ పైసగం చల్లన. గాలి చేరింది. మన బోరు మోటారుకి ఎయిర్ పట్టినట్టే. పక్కనుండే చిన్న మరను తాళంచెవితో తిప్పితే బుస్సుమని పోతుంది. వాలు వేసి గాలిని దానంతటది పోనిచ్చిన పాత పనితనాన్ని వదులుకున్నందుకు మనం చేస్తున్న చాకిరీ ఇది. ప్రతి వారమూ గాలి వదలాల్సి వస్తుంటే మాత్రం అది గాలి కాకపోవచ్చు. ఉక్కు తుప్పు పట్టేటప్పుడు పుట్టే హైడ్రోజన్ కావచ్చు. దగ్గర్లో అగ్గిపుల్ల గీయకూడదు.

రేడియేటర్ కిందిసగం చల్లన. మడ్డి. పాత రేడియేటర్లు మందపాటి పోత ఇనుము, కొత్తవి పలచటి ఉక్కు రేకు. మూసి ఉన్న పాతనీటిలో ఆక్సిజన్ అయిపోయాక తుప్పు బాగా నెమ్మదిస్తుంది. ఎక్కడో చిన్న లీకు ఉండి, దానికని మళ్ళీ మళ్ళీ కొత్త నీరు నింపుతుంటే ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది. లోపలి ఉక్కు కరిగి మాగ్నటైట్ అనే నల్లని బురద అవుతుంది. సన్నగొట్టాల్లో అది పేరుకోవడానికి ఎంతోసేపు పట్టదు. కడిగించడం ఒక్కటే చాలదు, లీకు పట్టుకోవాలి.

బాయిలర్‌కి దగ్గరి గదులు వేడి, దూరపువి చల్లన. ఇక్కడ ఏదీ చెడిపోలేదు. పంపు బలం ఉన్నా నీరు సులువైన దారే వెతుక్కుంటుంది. దగ్గరి రేడియేటర్ల వాల్వులు కొద్దిగా మూసి దూరపువాటికి వాటా మిగల్చాలి. ఒక్క రేడియేటరే చల్లగా ఉంటే దాని థర్మోస్టాట్ వాల్వులోని చిన్న పిన్ను వేసవిలో దిగబడిపోయి ఉంటుంది. కుళాయిలో వేడినీళ్ళొచ్చి రేడియేటర్లకి రాకపోతే నీటిని ఇటూ అటూ మళ్ళించే వాల్వు ఒకవైపే ఇరుక్కుపోయిందేమో చూడాలి. ఇవన్నీ నీటివైపు సంగతులు. బాయిలర్ మూత తీసి గ్యాసువైపు చెయ్యి పెట్టడం రిజిస్టరైన మెకానిక్ పనే.

కనపడని పొయ్యి

లెస్టర్‌లోనో షెఫీల్డ్‌లోనో విక్టోరియా కాలపు వరుస ఇంట్లో గది అద్దెకు తీసుకున్న మన పిల్లలకి ఇదంతా తొలి చలికాలంలోనే అనుభవమవుతుంది. సెంట్రల్ హీటింగ్ ఉందని ఒప్పందంలో రాసి ఉంటుంది, స్విచ్ వేస్తే లైటు వెలుగుతుంది, గది మాత్రం వెచ్చబడదు. చాలామంది చేసేది రెండో దుప్పటి కొనుక్కోవడం, లేదా కరెంటు హీటర్ తెచ్చుకుని బిల్లు చూసి బెంబేలెత్తడం. ఇంగ్లండ్‌లో 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్ 11వ సెక్షన్ ప్రకారం మామూలు అద్దె ఇళ్ళలో గదుల హీటింగు, వేడినీళ్ళ ఏర్పాట్లు పనిచేసే స్థితిలో ఉంచడం ఇంటి యజమాని బాధ్యత. కానీ అడగాలంటే ఏది పనిచేయడం లేదో చెప్పగలగాలి. 'చల్లగా ఉంది' అనేదానికీ 'మేడ మీద గోరువెచ్చగా ఉంది, కింద అసలు లేదు' అనేదానికీ చాలా తేడా ఉంది.

పొయ్యి ఆరిపోతే గదిలో ఉన్నవాళ్ళందరికీ తెలుస్తుంది. పంపు ఆగితే తెలియదు. వెచ్చదనాన్ని అందరికీ అందించిన ఏర్పాటే దాన్ని నేలపలకల కింద దాచేసింది కూడా. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ ఇళ్ళలో బాయిలర్ మండుతూ, బిల్లు పెరుగుతూ, గది మాత్రం చల్లబడుతూ ఉండటం మామూలు విషయం కాదు. చలి ప్రాణాలు తీసే దేశాల్లో ఇది అసౌకర్యంతో ఆగదు.

ఈ కథ ఇంకా ముగియలేదు. గ్యాసు మానేసి హీట్ పంపులు పెట్టుకొమ్మంటున్నారు ఇప్పుడు. వాటి నీరు 80 డిగ్రీలు ఉండదు, 45 నుంచి 55 మధ్య ఉంటుంది. వెళ్ళే నీటికీ తిరిగొచ్చే నీటికీ తేడా ఐదారు డిగ్రీలే. ముందు వేసిన లెక్కనే మళ్ళీ వేస్తే, 45కీ 40కీ మధ్య బరువు తేడా ఘనమీటరుకు 2 కిలోలు. అదే 3 మీటర్ల ఎత్తుకి రెండు వేళ్ళ లోతు కాస్తా అర సెంటీమీటరు పైచిలుకుకి పడిపోతుంది. పైగా, 20 డిగ్రీల తేడాతో మోసుకెళ్ళే వేడిని 5 డిగ్రీల తేడాతో మోయాలంటే నాలుగు రెట్ల నీరు తిరగాలి. 1970ల్లో పొదుపు కోసం వేసిన సన్నగొట్టాల్లోంచి, దశాబ్దాల మడ్డిలోంచి. కొత్త యంత్రం వేడిని ఎంత చవగ్గా పుట్టించినా, అది గది దాకా చేరుతుందా అన్నది తేల్చేది ఆ గొట్టాలే. సోన్ గారికి కునుకు పట్టనివ్వని ప్రశ్న కూడా అదే.